పడ్డాక నాలుగు దెబ్బలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగేదానికి వీధిలో ఒక మర్యాదైన పేరుండేది. మా నాయన మా అమ్మ మీద ‘చెయ్యి చేసుకున్నాడు’ అనేవాళ్ళు. అన్నం కలుపుకుంటూ కూడా వినగలిగేంత మెత్తని మాట. పొద్దున్నే అమ్మ ఒక కన్ను వాచిపోయి, పెదవి చిట్లి, కొంగు ముఖం మీదికి లాక్కుని నల్లా దగ్గరికి వెళ్తే, అక్కడున్న ఆడవాళ్ళు ఆ మాటే అని, నిట్టూర్చి, మళ్ళీ బిందెల వరస గురించి పోట్లాడుకునేవాళ్ళు. దేంతో కొట్టాడని ఒక్కరూ అడగలేదు. నాకు కోపం ముక్కుమీద ఉంటుందని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఉంటుంది మరి. అది ఆ నల్లా దగ్గరే పుట్టింది.

మాది కర్ణాటకలో బీదరు. సొంతూరు మన్నళ్ళి. అక్కడి చేను మా పెద్దనాయనకు వదిలేసి మా నాయన బీదరు పక్కన కొల్హార్‌లో ఒక చిన్న లేత్ వర్క్‌షాపులో పనికి కుదిరాడు. అందుకని పట్నంలో పాత ఊరి వైపు రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. నాయన, అమ్మ, నాయనమ్మ, నేను. మా నాయనను ఒక్కమాటలో చెడ్డవాడని తేల్చెయ్యడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. లేత్ మీద తెగిపడిన ఇనుప చుట్టలు, నీలంగా మెరిసేవి, జేబులో వేసుకొచ్చి నాకిచ్చేవాడు. వేలు తెగకుండా ఎలా పట్టుకోవాలో చూపించేవాడు. ఆయన తాగేవాడు కూడా కాదు. తాగిన మత్తులో కొట్టాడులే అనుకునే ఓదార్పు కూడా మాకు దక్కలేదు.

మా ఇంటికీ పక్కింటికీ ఎర్రరాతి గోడ ఒక్కటే. అవతల వైపు ఒక అక్క ఒంటరిగా ఉండేది. జహీరాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్ళకు జవాబిచ్చేది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో ఉర్దూ మాట్లాడేది. ఇవి చాలవన్నట్టు పోస్టులో ఫ్రెంచి నేర్చుకునేది. నెలకోసారి గోధుమరంగు కవరులో పాఠం వచ్చేది, రాసి పంపితే ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపేవాళ్ళు. బీదరులో ఫ్రెంచితో ఏం పనమ్మా అని మా నాయనమ్మ అడిగితే, “నాకు రాదు గదా పెద్దమ్మా, అందుకే నేర్చుకుంటున్న” అంది. ఆ జవాబు మా నాయనమ్మకు మింగుడుపడలేదు. నాకు మాత్రం భలే నచ్చింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. బడినుంచి రాగానే అక్క ఇంట్లో దూరేదాన్ని. మా ఇంట్లో లేకపోవడమే నాకు కావలసింది.

ఆ పాఠాల తీరు ఇలా ఉండేది. ఒక్కో నెల ఒక్కో మామూలు ఇంగ్లీషు క్రియ. దానితో పుట్టిన నుడికారాలన్నీ కలిపి ఇరవై వాక్యాలిచ్చి, వాటిని ఫ్రెంచిలో పెట్టమనేవాళ్ళు. ఆ నెల వచ్చిన క్రియ ‘బ్రేక్’. అక్క నిఘంటువు తీసింది, హైదరాబాదులో పాత పుస్తకాల దగ్గర కొన్నది, చివరి పేజీలు లేవు. అందులో మొదట కనపడిన మాట ‘కాస్సే’, పగలగొట్టడమని. ఇరవై వాక్యాల్లోనూ కాస్సేనే పెట్టి ఉత్సాహంగా పంపేసింది. కాగితం తిరిగొచ్చేసరికి నిండా ఎరుపు. తెల్లవారింది అనేదానికి ఇంగ్లీషులో రోజు ‘బ్రేక్’ అయిందంటారు కదా, దాని పక్కన దిద్దినవాళ్ళు ఇలా రాశారు: రోజును ఎవరు పగలగొట్టారు? ఏ రాయితో?

అక్క పడిపడి నవ్వింది. తర్వాత కాసేపు నవ్వడం మానేసి ఆ ఎర్ర గీతనే చూస్తూ కూర్చుంది. ఆ ప్రశ్న వేళాకోళం కాదని ఆవిడకు అనిపించింది. ఆ రోజునుంచి మా పని పద్ధతి మారిపోయింది. ఇక నిఘంటువు ముందు తెరవకూడదు. ముందు ఆ పని చేసి చూడాలి. చేసేది నేను, చూసేది అక్క. చూశాక నన్నే అడిగేది: ఎవరు చేశారు, దేంతో, దేన్ని, అయిపోయాక ఏం మిగిలింది. వాటికి జవాబు తెలుగులో చెప్పాకే ఫ్రెంచి వెతికేది.

పుల్ల విరిచాను, రెండు ముక్కలు మిగిలాయి. దారం తెంపాను, రెండు కొసలు మిగిలాయి. జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను, ఏమీ మిగల్లేదు, అక్కకు కోపం వచ్చింది. పగిలిన గాజు కోసం మా ఇద్దరి మధ్య పెద్ద చర్చ జరిగి, చివరికి ఆవిడ చేతి గాజే బలైంది. మాట తప్పడాన్ని ఎలా చేసి చూపించాలో తెలియక, నన్ను గుమ్మంలో నిలబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి వీధి చివరకు వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఏం మిగిలిందని అడిగింది. నేనే మిగిలాను, ఎండలో నిలబడి, అన్నాను. అప్పుడు తెల్లవారడం గురించి ఆలోచించాం. అక్కడ విరిగింది ఏదీ లేదు, మిగిలింది వెలుతురు. ఫ్రెంచివాళ్ళు రోజు లేచిందంటారని నిఘంటువులో దొరికినప్పుడు అక్క నా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. రొట్టె తుంచడానికి వాళ్ళకు ‘రోంప్ర్’ అని వేరే మాట ఉంది. గుండె పగలడానికి ‘బ్రిజే’. ఎముకకు మాత్రం కాస్సేనే. ఎముక వాక్యం చేసి చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు, దాన్ని వదిలేశాం.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం మా నాయన మా అమ్మ చెయ్యి విరగ్గొట్టాడు.

అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. ఆయన సైకిలుకు గాలి కొడుతున్నాడు. ఇయ్యాల షిఫ్టుకు పోవా అని అమ్మ అడిగింది. అంతే అడిగింది. వర్క్‌షాపు యజమానితో ఆయనకు ముందురోజు మాట పట్టింపు వచ్చిందని మాకెవరికీ తెలియదు. ఆయన పంపు చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు. పాతకాలపు పంపు అది, ఒళ్ళంతా ఇనుము. మొదటి దెబ్బ వీపు మీద పడింది. అమ్మ ముందుకు తూలి పొయ్యి రాయి పట్టుకుంది. రెండోది భుజం మీద. మూడో దెబ్బకు అమ్మ తిరిగి ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది, మోచేతికీ మణికట్టుకూ మధ్య తగిలింది. ఆ చప్పుడు నేను విన్నాను. పచ్చి కొమ్మ విరిచినట్టు కాదు, ఎండిన కొమ్మ విరిచినట్టు. చెయ్యి తిన్నగా ఉండాల్సిన చోట వంకర తిరిగి, చర్మం కింద ఏదో పొడుచుకొచ్చి కనపడింది. అమ్మ అరవలేదు. రొట్టె మాడుతోందని నాతో చెప్పింది. నేను వెళ్ళి పెనం దింపాను. పదకొండేళ్ళ పిల్లను, ఆ క్షణంలో నాకు తోచిన పని అదొక్కటే.

నాయన పంపు గోడకు ఆనించి, బయట అరుగు మీద కూర్చున్నాడు. గోడ అవతలినుంచి అక్క పరుగెత్తుకొచ్చి, చున్నీతో ఆ చెయ్యి కట్టి, ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరు అడిగితే అమ్మ జారిపడ్డానంది. అక్క నోరు తెరవబోతే, అమ్మ మంచి చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది. అక్క ఆగిపోయింది. ఆ ఆగడాన్ని ఆవిడ తర్వాత చాలా ఏళ్ళు తిట్టుకుంది.

రెండు రోజుల తర్వాత మా ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. మన్నళ్ళి నుంచి పెద్దనాయన వచ్చాడు. బగ్దల్ నుంచి మా మేనమామ వచ్చాడు, మా అమ్మకు అన్న. ఆయన వ్యవసాయం చేస్తాడు, మాటలు తక్కువ, భుజాలు గుమ్మంలో పట్టవు. ప్రతి శ్రావణంలో మొదటి పెసరకాయలు నాకోసం సంచిలో పట్టుకొచ్చేవాడు. నాకు ప్రపంచంలో అందరికన్నా ఇష్టమైన మనిషి ఆయనే, మా అమ్మ తర్వాత.

తేలవలసింది ఒకటే. అమ్మ ఈ ఇంట్లోనే ఉండాలా, పుట్టింటికి వెళ్ళాలా. నాయనమ్మ ముందుగా మాట్లాడింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఒక మాట వచ్చింది, కొడుకు చెయ్యి చేసుకున్నాడు, కోడలు తొందరపడి జారిపడింది, అంతే జరిగిందంది. అబద్ధమని అనిపించకుండా ఎంత చక్కగా అల్లిందో. పెద్దనాయన తలూపాడు. కట్టు విప్పేదాకా ఓపిక పట్టి కాపురం చేసుకోమని చెప్పబోతున్నాడని ఆయన ముఖమే చెబుతోంది. అమ్మ నేల చూస్తోంది. నాయనమ్మ పొద్దున్నుంచీ నాకు నూరిపోసిన ధైర్యంతో, కావాలంటే పిల్లను అడగమంది. పిల్ల అక్కడే ఉంది కదా అంది.

పెద్దనాయన నన్ను దగ్గరికి పిలిచాడు. “చెప్పు బిడ్డా, ఏమైంది?”

నాయనమ్మ నేర్పిన వాక్యం నా నాలుక మీద సిద్ధంగా ఉంది. నాయన గడప దగ్గర కూర్చుని నావైపే చూస్తున్నాడు. నిజం చెప్తున్నాను, నేను ధైర్యం చేసి చెప్పలేదు. కాగితం మీద ఎర్ర సిరా కళ్ళముందు కదిలింది, నోరు దానంతటదే తెరుచుకుంది. ఎవరు, దేంతో, దేన్ని. సైకిల్ పంపుతోని, అన్నాను. ఒకటి వీపుల, ఒకటి భుజం మీద, ఒకటి చెయ్యి మీద. అమ్మ జారిపడలేదు, చెయ్యి విరిగినంక కూడా నిలబడే ఉంది. ఇయ్యాల షిఫ్టుకు పోవా అని అడిగింది, ఇంకేం అనలేదు. చప్పుడు కూడా చెప్పాను. చెప్తుంటే నాకు ఏడుపు రాలేదు, వింటున్న పెద్దనాయనకు వచ్చింది. ఆ గదిలో అందరికీ కొట్టాడని ముందే తెలుసు. తెలిసినవాళ్ళే, నేను చెప్పాక ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

అమ్మ బగ్దల్ వెళ్ళాలని ఆ సాయంత్రమే తేలిపోయింది. మామ పొద్దున మొదటి బస్సుకు వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మేమిద్దరం అక్క ఇంట్లో పడుకున్నాం. నేను గెలిచాననే అనుకున్నాను. అమ్మను కాపాడానని, అంతా అయిపోయిందని, హాయిగా నిద్రపోయాను.

మరునాడు పొద్దున బట్టల మూట పట్టుకుని, అమ్మా నేనూ కొల్హార్ ఆటోలు ఆగే మూలకు వచ్చాం. మామ అక్కడే కలుస్తానన్నాడు. ఆ సమయానికే షిఫ్టు మనుషులు నిలబడి ఉంటారు. మా నాయన కూడా నిలబడ్డాడు, టిఫిను డబ్బా పట్టుకుని. మామ రోడ్డు దాటి వస్తున్నాడు. చేతిలో గొడ్డలి కామ ఉంది. పైన గొడ్డలి లేదు, వట్టి కామే, నున్నగా అరిగిన గట్టి కర్ర.

ఆయన తిట్టలేదు, పిలవలేదు. తిన్నగా వెళ్ళి మా నాయన కుడి మోకాలి మీద కొట్టాడు. డబ్బా ఎగిరిపడి అన్నం రోడ్డంతా చిందింది. నాయన కూలిపోయాడు. కూలిపోయి, చెయ్యి పైకెత్తి, “వద్దు బావా” అన్నాడు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ అలాంటి గొంతుతో ఎన్నోసార్లు అంది కానీ, నాయన నోట అది వినడం వేరు. మామ ఆగలేదు. అదే మోకాలి మీద మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఒకటి తప్పి నేలకు తగిలి దుమ్ము లేచింది. ఒకటి తొడ మీద. అప్పటికి నలుగురు కలిసి ఆయన్ను వెనక్కి లాగారు. నాయన కాలు మోకాలి దగ్గర పక్కకు తిరిగిపోయింది, పాంటు లోపలినుంచి రక్తం ఊరి చెప్పులోకి దిగింది. చూస్తూ నేను మూట వదిలేశాను. నా లోపల సంతోషం ఉందని కూడా రాయాలి. ఉంది. మొదటి దెబ్బకు చాలా ఉంది. నాలుగో దెబ్బ పడేసరికి అది వాంతిగా మారి రోడ్డు పక్కన కక్కేశాను.

మధ్యాహ్నానికి మేమున్న అక్క ఇంటికి పోలీసులు వచ్చారు. మామను అప్పటికే స్టేషనుకు తీసుకెళ్ళారు. నాయనమ్మ ఫిర్యాదు ఇచ్చింది. చంపడానికే గొడ్డలి పట్టుకొచ్చి నరికాడని, లెక్కలేనన్నిసార్లు కొట్టాడని చెప్పింది. ఆటోల దగ్గర నిలబడ్డ షిఫ్టు మనుషులంతా, మేం చూడలేదు, మేం వచ్చేసరికే కిందపడి ఉన్నాడన్నారు. ఇక మిగిలింది అమ్మ, నేను.

ఎస్సై మైసూరు వైపువాడు, తెలుగు రాదు. నాకు బడిలో కన్నడమే అయినా, ఆ రోజు భయంతో ఒక్క కన్నడం ముక్క నోటికి రాలేదు. అందుకని నేను చెప్పేది కన్నడంలో చెప్పడానికి అక్కనే పిలిచారు. టీచరు కదా, పైగా అన్ని భాషలూ వచ్చు. ఆయన అరుగు మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటుంటే, లోపల గదిలో అమ్మ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మంచి చేత్తో నా గడ్డం పట్టుకుంది.

“మీ మామ జేల్కు పోతే మనం యాడికి పోవాలె బిడ్డా? ఆయిన తప్ప మనకు దిక్కెవరున్నరు? తోపులాటల ఒక్కటి తగిలింది, మీ నాయిన కింద పడ్డడు. గంతే చెప్పు. నీ కాల్మొక్కుత.”

తర్వాత అక్కవైపు తిరిగింది. పిల్ల ఏదైనా నోరు జారితే కన్నడంలో మీరే జర సర్ది చెప్పండమ్మా, ఎవరికి తెలుస్తుంది, అంది. మా అమ్మ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అడిగిందంటే ఎంత కింద పడి అడిగిందో నాకు తెలుసు. అక్క అమ్మ పక్కన నేలమీద కూర్చుని, అమ్మకు కాదు, నాకు చెప్పింది.

“నువ్వు ఏం చెప్పాలెనో నేను చెప్ప. తోపులాట అంటే, తోపులాట అనే చెప్త. ఇంకోటి అంటే ఇంకోటే చెప్త. నువ్వు అన్నదాంట్ల తక్కువ చెయ్య, ఎక్కువ చెయ్య. గంతే నాతోని అయితది.”

ఎంత కోపం వచ్చిందో ఆవిడ మీద. పెద్దది కదా, ఏం చెయ్యాలో చెప్పొచ్చు కదా. ఇలా చెప్పు అంటే అలాగే చెప్పి, తప్పంతా ఆవిడ మీదకు తోసేసేదాన్ని. ఆ తలుపు ఆవిడ మూసేసింది. ఇప్పటికీ ఒక్కోసారి ఆ రోజు గుర్తొస్తే, అంత చిన్న పిల్ల మీద అంత బరువు పెట్టొచ్చా అని అక్కను తిట్టుకుంటాను. మరుక్షణమే, నా మాటను నాకే వదిలేసినవాళ్ళు నా జీవితంలో ఆవిడ తప్ప ఇంకెవరున్నారని వెతుక్కుంటాను.

అరుగు మీదికి వెళ్ళాం. ఎస్సై మెత్తగానే అడిగాడు. ముందు గొడ్డలి గురించి. గొడ్డలి లేదు, వట్టి కామే అన్నాను. అక్క చెప్పింది. ఎన్ని దెబ్బలు అని అడిగాడు. తలుపు చాటున అమ్మ నిలబడి ఉంది. మామ పట్టుకొచ్చే పెసరకాయల సంచి గుర్తొచ్చింది. ముందురోజే గోడ అవతల మా ఇంట్లో నాయన కొట్టినవి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చెప్పింది నేనే. ఇప్పుడు నావాళ్ళ దగ్గరకు వచ్చేసరికి తోపులాట అనబోతున్నాను. నాయనమ్మ తన కొడుకు కోసం చేసింది కూడా సరిగ్గా ఇదే. ఆవిడను అంత అసహ్యించుకుని, ఆవిడ కూర్చున్న చోటే నేనూ కూర్చోబోతున్నానని అర్థమైంది.

నిలబడి ఉండగా ఒకటి, అన్నాను. పడ్డంక నాలుగు. పడ్డంక మా నాయిన వద్దు బావా అన్నడు. అన్నంకనే ఆ నాలుగు. అండ్ల ఒకటి నేలకు తగిలింది.

అక్క కన్నడంలో చెప్పడం మొదలుపెట్టింది. నాకు కన్నడం అర్థమవుతుంది కదా, ఒక్కో మాటా విన్నాను. పడ్డ తర్వాత అంది. నాలుగు అంది. వద్దన్న తర్వాత అంది. ఒకటి నేలకు తగిలిందని కూడా అంది. ఏదీ వదలకుండా పూర్తి చేసింది. ఎస్సై రాసుకుని, నన్నోసారి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

లోపలికి వెళ్ళేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. బగ్దల్ ఇల్లు మాకు మూసుకుపోయింది. మామ భార్య మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు, తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. నాయన ఇంటికి వెళ్ళే ప్రశ్నే లేదు. అక్క తన రెండు గదుల్లో ఒకటి మాకిచ్చింది. కాపురాలు కూల్చే మనిషని వీధంతా ఆవిడను అంది, నాయనమ్మ గోడ అవతలినుంచి రోజూ శపించింది. పదమూడో రోజు పొద్దున బడికి వేళవుతుంటే అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. ఎడమ చెయ్యి కట్టులో ఉంది కాబట్టి, ఒక పాయను పళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో జడ అల్లింది. మాట్లాడలేదు, నోట్లో నా జుట్టు ఉంది. ఆ జడ వంకరగా ఉంది, సాయంత్రం దాకా విప్పలేదు. తర్వాత అక్క చెప్పి పెట్టించిన బడి వంటపనితోనే అమ్మ నన్ను చదివించింది.

కేసు చాలాకాలం నడిచింది. నాయనమ్మ వైపు వకీలు గొడ్డలితో హత్యాయత్నమని గట్టిగా పట్టుబట్టాడట. గొడ్డలి లేదని, వట్టి కామని చెప్పిన సాక్షిని నేనొక్కదాన్నే. వద్దన్నాక నాలుగు కొట్టాడని మామకు వ్యతిరేకంగా చెప్పింది కూడా నేనే. కాబట్టి గొడ్డలి లేదన్న మాటను కాదనడం వాళ్ళ వల్ల కాలేదు. మామ కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు. లేకపోతే ఏళ్ళు ఉండేవాడని మామ వకీలు అన్నాడు. ఇది నాకు ముందే తెలిసి చెప్పానని ఎవరూ అనుకోవద్దు. చెప్పిన రోజు నేను మామను పోగొట్టుకుంటున్నాననే చెప్పాను, అలాగే చాలా ఏళ్ళు పోగొట్టుకున్నాను కూడా.

నాయన మోకాలు మళ్ళీ వంగలేదు. కుంటుతూనే పనికి పోయేవాడు. ఒకసారి వీధిలో ఎదురుపడితే ఆగి, జేబులో చెయ్యి పెట్టి, ఏమీ తియ్యకుండానే వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు.

నా పెళ్ళికి మామ వచ్చాడు. పిలవడానికి అమ్మే వెళ్ళింది. మామ జుట్టు నెరిసిపోయింది, భుజాలు కుంగాయి. అక్షింతలు వేసి వెళ్ళిపోతాడనుకుంటే, వెనక నిలబడి అందరూ వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత దగ్గరికొచ్చి, నా ముఖం చూడకుండా, పందిరి గుంజతో మాట్లాడుతున్నట్టు అన్నాడు: “నువ్వు పోలీసోళ్ళకు ఎట్ల చెప్పినవో అట్లనే చేసిన బిడ్డా. ఒక్క దెబ్బ ఎక్కువ చెప్పలే. జేల్ల రోజూ అదే లెక్కపెట్టుకున్న. వద్దన్నంక ఎందుకు కొట్టిన్నో అని.” నేను ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు. అప్పటికి ఆ విషయం మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ళుగా పెరిగింది, ఒక్క ఏడుపుతో తీరిందని చెప్పను, కొంత తీరింది.

తర్వాత నేను కోర్టులో తెలుగు సాక్షుల మాటలు కన్నడంలో చెప్పే పనిలోనే పదవీ విరమణ దాకా ఉన్నాను. జర సర్ది చెప్పమని అడిగిన తల్లులను చాలామందిని చూశాను. కాదన్నాను. కాదన్నందుకు గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఉన్న మనిషి ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అక్క దగ్గర నేర్చుకున్నది పక్కవాళ్ళ ఇళ్ళకే పనికొచ్చినట్టు అవుతుంది.

నా కొడుకును నేను కొట్టాను. లెక్కలు తప్పు చేశాడని. స్టీలు స్కేలుతో, అంచు వైపు తిప్పి, కుడి మణికట్టు మీద, మూడుసార్లు. రెండోదానికే వాడు తప్పయిందమ్మా అన్నాడు, మూడోది అన్నాక కొట్టాను. వాపు నాలుగు రోజులు ఉంది. ఎడమచేత్తో అన్నం తిన్నాడు. పెద్దవాడయ్యాక అడిగితే, గుర్తులేదమ్మా, వదిలెయ్యి అంటాడు. నేను వదిలెయ్యలేదు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. కొట్టింది నేను.